ఏనుగు దవడ

గని కంపెనీ తరఫున శిలాజాల కోసం భేజ్జి వాగు ఒడ్డున నేను తవ్వించిన గుంట మూడో రోజూ పూడ్చేసి ఉంది. పూడ్చిన ముసలామె సారలమ్మ పార పట్టుకుని అక్కడే నిలబడింది.

"కదలకుంటే పోలీసుల్ని పిలుస్తా. కింద ఉన్నది లక్షల ఏళ్ల నాటి ఏనుగు దవడ!" అని అరిచాను.

"మా అత్త. చెయ్యేసి చూడు."

గుంట పక్కన, చనిపోయినవాళ్ల కోసం వీళ్లు నిలిపే రాయి ఉంది. దాని ముందు ఇప్పసారా పోసిన ఆకుదొప్పలు. నాకు ఒళ్లు మండింది. దొప్పల్ని బూటుతో తన్నేసి, మట్టి తోడి పళ్లు చూపించాను. ఒక్కోటి ఇటుకంత ఉంది.

"మీ అత్తకు ఇంతేసి పళ్లున్నాయా?"

"నాకు కండ్లు లేవా ఏంది? ఏనుగని ఎరుకే."

ఆమె దొప్పలు ఏరి మళ్లీ రాయి ముందు పెట్టింది.

"మీ గని కోసం మా బొందలగడ్డ మొత్తం, పూడ్చిపెట్టినోళ్ల బొక్కలతోటే, లారీలకెత్తిన్రు. బొక్కలు లేంది రాయి నిలపరాదు. వాగు గట్టు తెగితే ఇవి బయటపడ్డయ్. వీటి మీదనే నిలిపినం."

పార నా చేతిలో పెట్టింది.

"ఈ దవడను గూడ తీస్కపో. మా అత్తను ఏడ పారబోసిన్రో చెప్పి తీస్కపో."