కైరోకు వెళ్ళిన బాతులు

"అన్నీ సంచుల్లోకి తొయ్యండి. ఒక్కటి కూడా మిగలకూడదు," అన్నాడు పశువుల డాక్టరు షుక్రీ తన బంట్రోతుతోనూ కూలీలతోనూ, మిద్దె మెట్ల మీదే నిలబడి. పైకొస్తే బూట్లకు రెట్ట అంటుకుంటుందని ఆయన బెంగ.

ఇన్షిరాహ్ బాతుల గూటికి అడ్డం నిలబడింది. పోయిన వారం బర్డ్ ఫ్లూతో కోళ్ళు చచ్చాయి. ఆ కబురు తానే పశువుల ఆఫీసుకు చెప్పి కొరివితో తల గోక్కుంది. ఇక మిగిలినవి ఈ పది బాతులే. కింద గదిలో కూతురు నాలుగు రోజుల బాలింత. పుట్టింట్లో బాతు పులుసైనా పెట్టలేదంటే వియ్యపురాలు ఊరంతా చాటింపు వేస్తుంది.

జబ్బే ఉంటే కోళ్ళలాగే ఇవీ చావాలిగా, ఒక్కటైనా తుమ్మిందా అని అడిగింది.

డాక్టరు నవ్వాడు. చదువురానివాళ్ళ ముందు మాత్రమే బయటికొచ్చే నవ్వు అది.

"అదే దాని తెలివి. ఆ వైరస్ బాతుకి ఇల్లరికపుటల్లుడు. కడుపులో చల్ల కదలకుండా తిని కూర్చుంటుంది, ఉన్న ఇల్లు కూల్చుకోదు. అదే కోడి ఒంట్లోకి దూరిందా, రెండు రోజుల్లో వల్లకాడే. ఒక్కో ఇంట్లో ఒక్కో బుద్ధి దానికి."

"మరి మనుషుల ఇంట్లో?"

"ఇంకా సరిగ్గా చేతకాలేదు. నీలాంటివాళ్ళే నేర్పుతున్నారు." ఆయన వేలు మూలనున్న నానిన చిక్కుడు గింజల గిన్నె మీదికి పోయింది. ఆ ఊరి ఆడవాళ్ళందరిలాగే ఇన్షిరాహ్ కూడా గింజలు నమిలి, బాతు ముక్కు తెరిచి, తన నోటితో లోపలికి ఊది మేపుతుంది. అలా మేపితేనే బాతుకు కొవ్వు పడుతుంది. "నోట్లో నోరు పెడితే రోజూ వచ్చిపోతూ ఉంటుంది. ఏదో ఒకనాటికి మనిషి ఇంటి తాళం తియ్యడం నేర్చుకోదూ? నీ నోరే దానికి బడి. మా ఇంట్లో ఇలాంటి మోటు పనులు కలలో కూడా చెయ్యరు."

ఇన్షిరాహ్‌కు ఒళ్ళు మండింది. శనివారం ఈయనే వచ్చి పరీక్షకని రెండు బాతులు పట్టుకెళ్ళాడు. బక్కవి ఇస్తే వద్దన్నాడు. రొమ్ము నొక్కి చూసి మరీ బలిసినవి ఏరుకున్నాడు. వాటి సంగతేమైందని నిలదీసింది.

"కైరోలో ఉన్నాయి, ముక్కలు ముక్కలుగా సీసాల్లో. జబ్బుందని తేలింది. చాలా?"

పెద్ద చదువు ముందు ఆమె నోరు చిన్నదైపోయింది. బాలింత కోసం ఒక్కటైనా వదలమని బతిమాలింది. బాలింత ప్రాణం కోసమే ఇదంతా అని చెప్పి, ఆయన కాయితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. సంచుల మూతులు బిగిశాయి.

అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. తొడుగులున్న చేత్తో ఫోను ముట్టకూడదని ఆయన నియమం. బంట్రోతు చేత తీయించి, మాట పైకి వినపడేలా పెట్టించాడు.

భార్య గొంతు మిద్దెంతా పరుచుకుంది. "ఏవండీ, తెల్లారేసరికి మన కోళ్ళన్నీ చచ్చి పడున్నాయి. శనివారం మీరు తెచ్చిన బాతులు రెండూ మాత్రం గుండ్రాళ్ళలా ఉన్నాయి."

బంట్రోతు ఆకాశంలో ఏదో వెతకసాగాడు. ఇన్షిరాహ్ వేలికి సిరా అంటి ఉంది. ఆ వేలు కాయితం మీదికి వెళ్ళలేదు. డాక్టరు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"వాటిని ముట్టుకోకు," అన్నాడు.

"ముట్టుకోకపోతే ఎలాగండీ? శుక్రవారం విందుకు కొవ్వెక్కాలన్నది మీరేగా? మూడు పూటలా నా నోటితోనే మేపుతున్నాను."