పేరు రాయని సంచి

ఆదివారం పొద్దున పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నాలుగు ప్రైవేటు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. పెళ్ళిళ్ళ రోజులు మరి. ఫణీంద్ర మూడో బస్సు డ్రైవర్‌ని రెండుసార్లు అడిగాడు.

“జనగామ దాటి వెళ్ళేది ఇదేనా? రాజనర్సయ్య తాత వాళ్ళ ఊరికి?”

“ఇదే అన్నా, ఎక్కు. ఇంకా ఎవ్వలు రాలే.”

ఎలా వస్తారు? బస్సు ఆరున్నరకి. అతను అయిదుంపావుకే అమీర్‌పేట హాస్టల్ నుంచి నడుచుకుంటూ వచ్చేశాడు.

ఏటా మే నెల రెండో ఆదివారం తాత ఇంట్లో అందరూ కలవాలని నియమం. కొడుకులు, కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, వియ్యాలవాళ్ళు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళ కోసం ఈ బస్సు. ఫణీంద్ర పోయినేడే మొదటిసారి వెళ్ళాడు. ఆ ఒక్క రోజునే తలుచుకుంటూ ఏడాది గడిపాడు.

అతని ఆఫీసు సోమాజిగూడలో. హాస్టల్ గదిలో ముగ్గురు. ఆదివారం వస్తే మిగతా ఇద్దరూ ఊళ్ళకి పోతారు. ఆ రాత్రి హాస్టల్లో వంట ఉండదు. ఫోనూ మోగదు. అలాంటి ఆదివారాలు ఏడాది పొడుగునా గడిస్తే గానీ ఇలాంటిది ఒకటి రాదు.

ఒక్కటే దిగులు. ఈసారైనా నానమ్మ తనని పేరు పెట్టి పిలుస్తుందా?

బస్సు నిండింది. తాత పెద్దకొడుకు కొడుకు అభిలాష్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

“ఏమన్నా, మంచిగున్నవా? మస్తు సన్నగైనవ్!”

పేరు మాత్రం అతని నోటికీ రాలేదు. ఈ నగరంలో ‘అన్నా’ అనే మాట ఒకటుంటే చాలు, ఎవరి పేరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఫణీంద్ర నవ్వేసి కిటికీ సీటు అతనికిచ్చాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే అతని చూపు గోడ మీదికి పోయింది. పోయినేడు తను రంగుకాగితం చుట్టించి తెచ్చిన గడియారం అక్కడే ఉంది. టైము కూడా సరిగ్గానే చూపిస్తోంది. ఆ రోజు అందరూ ఎంత నవ్వారని! తాత ఇంటికి ఎవరైనా గిఫ్టు ప్యాకింగుతో వస్తారా అని. నానమ్మ చిలకమ్మ ఒక్కతే నవ్వలేదు. అప్పటికప్పుడు మేకు కొట్టించి తగిలించింది.

“గడియారం పిలగాడొచ్చిండా?” అంటూ ఆమె ఇప్పుడు అతని తల నిమిరింది.

గడియారం పిలగాడు. అంతే. అతని వెనక వచ్చినవాళ్ళని మాత్రం పేరుపేరునా పలకరించింది.

మధ్యాహ్నం పందిరి కింద బంతి వేశారు. తాతకి ఈమధ్య మతిమరుపు. వడ్డించడానికి వచ్చిన ప్రతివాణ్ణీ, “నువ్వెవని కొడుకువురా?” అని అడుగుతున్నాడు. సొంత కొడుకునే అడిగాడని బంతంతా ఘొల్లుమంది. ఫణీంద్ర నవ్వలేదు. గబగబా తాత గ్లాసులో నీళ్ళు పోసి, జగ్గు పట్టుకుని అవతలి వరసకి జారుకున్నాడు.

భోజనాలయ్యాక అందరూ ఫోటోకి నిలబడ్డారు.

“నేను తీస్తాను,” అని ఫోను అందుకున్నాడు ఫణీంద్ర.

“మల్ల నువ్వేనా? పోయినేడు సుత నువ్వే తీస్తివి,” అంది చిలకమ్మ.

“పర్లేదు నానమ్మా. మీరు కొంచెం నవ్వండి.”

ఫోను తెరలో అందరూ పట్టారు. అతను తప్ప.

ఇక తొక్కు పంపకం. చిలకమ్మ పెట్టే మామిడికాయ తొక్కు ఇంటికొక సీసా కాదు, మనిషికొక సీసా. ప్రతి సీసానీ ఒక గుడ్డసంచిలో పెట్టి, సంచి మీద పేరు రాయిస్తుంది. బయల్దేరే ముందు మనవరాలు సుకన్య ఒక్కో పేరూ చదువుతుంది. ఆ మనిషి వెళ్ళి నానమ్మ చేతుల మీదుగా అందుకుంటాడు. పోయినేడు అన్ని పేర్లూ అయిపోయేదాకా ఫణీంద్ర ఓ మూల నిలబడి విన్నాడు. తన పేరు రాలేదు. రాదనీ తెలుసు. అయినా విన్నాడు.

ఈసారి ఆ బాధ వద్దనుకున్నాడు. ముందే వెళ్ళి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కానీ చెవులు ఊరుకుంటాయా?

“ప్రవీణ్! దివ్యశ్రీ! అభిలాష్!”

పేర్లు అయిపోయాయి. ఒక్కొక్కరే సంచులతో బస్సువైపు నడిచారు. డ్రైవర్ ఇంజను ఆన్ చేశాడు. ఇంకో ఏడాది, అనుకున్నాడు ఫణీంద్ర.

కిటికీ కింద ఎవరో రేకు మీద కొట్టారు. చిలకమ్మ. చేతిలో సంచి.

“పట్టు బిడ్డా. బరువున్నది, కింద వెయ్యకు.”

అతను రెండు చేతులతో అందుకున్నాడు. లోపల సీసా. మూతకి నూనె అంటి ఉంది. ఆత్రంగా సంచిని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. రెండువైపులా ఖాళీ. అందరి సంచుల మీదా నల్ల సిరాతో పెద్ద పెద్ద అక్షరాలు. తన దాని మీద ఒక్క గీత కూడా లేదు.

“దీనిమీద పేరు రాయించలేదు నానమ్మా,” అన్నాడు. నవ్వుతూ అందామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

చిలకమ్మ వెనక్కి తిరిగి చూసింది. దగ్గర్లో ఎవరూ లేరు. కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని మణికట్టు పట్టుకుని, అతనికొక్కడికే వినబడేలా అంది:

“పోయినేడు పెండ్లి బస్సనుకోని మా బస్సెక్కినవు, గీయేడు తెలిసే ఎక్కినవు, వచ్చేయేడన్న జర నీ పేరేందో చెప్పి ఎక్కు బిడ్డా!”