వారానికి పన్నెండు పెట్టెలు

లేదా, పెట్టెలు లారీలోంచే పోతున్నాయేమో.

అతను కంప్యూటర్లో సరుకు రవాణా అసలు ప్లాన్‌కి ఒక కాపీ తీసి, 'ఒకవేళ డ్రైవర్ దారిలో దింపేస్తుంటే' అని దానికి పేరు పెట్టి నడిపించాడు. కుదరలేదు. దొంగచాటుగా దింపితే లారీ ఆలస్యం కావాలి. ఏ గురువారమూ పది నిమిషాలు కూడా ఆలస్యం కాలేదు.

డ్రైవర్ నిర్దోషి అని తేలినందుకు సంతోషం కలిగింది. వెంటనే దిగులూ కలిగింది. ఇక మిగిలింది ఒక్కటే 'ఒకవేళ'.

చాక్లెట్ ఫ్యాక్టరీలో అతని ఉద్యోగమే అది. లారీ చెడిపోతే ఏమవుతుంది, పంచదార రాకపోతే ఏమవుతుంది, వానకి రోడ్డు తెగితే ఏమవుతుంది అని సాఫ్ట్‌వేర్‌ని అడిగి చెప్పడం. పదేళ్లుగా అడిగీ అడిగీ ఆఫీసులో 'ఒకవేళ గారు' అయిపోయాడు. ముందు కాపీ తీసుకోండి, అసలు ప్లాన్ ముట్టుకోకండి అని అందరికీ నేర్పింది కూడా అతనే. ఇంట్లోనూ అంతే. గొడుగు తీసుకెళ్తే ఎలా, తీసుకెళ్లకపోతే ఎలా అని గుమ్మంలో ఆలోచిస్తూ ఉండగానే వాన వచ్చి వెలిసిపోయేది. తన బుర్ర ఎప్పుడూ ఏదో ఒక కాపీలోనే బతుకుతోందని అతనికి తెలుసు. తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదు.

పదమూడు వారాలుగా, వారానికి పన్నెండు పెట్టెల చాక్లెట్లు గోడౌన్ దాటుతున్నాయి. ఏ దుకాణం బిల్లులోనూ కనబడడం లేదు.

"మధ్యాహ్నంలోగా దొంగ పేరు నా టేబుల్ మీద ఉండాలి," అన్నాడు మేనేజరు పొద్దున్నే. "ఎవరైనా సరే, సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది. పేరు తేలకపోతే మీ పేరే రాసుకుంటాను. ఒకవేళ గికవేళ అన్నారో, చూడండి!"

మిగిలిన ఆ ఒక్కటీ నడిపించాడు. 'ఒకవేళ డిస్పాచ్ టేబుల్ దగ్గరే పోతుంటే.' పదమూడు వారాలూ అచ్చుగుద్దినట్టు కలిశాయి.

అసలు ప్లాన్‌ని మాత్రం అతను అనుమానించలేదు. అది తను రాసిందే కదా.

గోడౌన్‌లో సరుకు బయటికి పంపే డిస్పాచ్ టేబుల్ అంటే ఆమె. సరుకు వెంట వెళ్లే చలానా లేనిదే చీమని కూడా గేటు దాటనివ్వదని లోడింగ్ వాళ్లు ఆమెకి 'చలానా మేడమ్' అని పేరు పెట్టారు. మూడేళ్లుగా ఆమెకి ఒక మాట చెప్పాలని అతని కోరిక. చెబితే ఏమవుతుందన్నది లెక్కలేనన్నిసార్లు మనసులో నడిపించి చూశాడు. సగం సార్లు ఆమె నవ్వింది. మిగతా సగంలోనూ నవ్వింది, కాకపోతే వేరే రకంగా.

పేరు రాస్తే ఆమె ఉద్యోగం పోతుంది. రాయకపోతే తనది.

పదకొండున్నరకి మెట్లు దిగాడు. గోడౌన్ నిండా కోకో వాసన, టేపు చింపుతున్న చప్పుడు.

"అబ్బో, ఒకవేళ గారు కిందికి దిగారే!" అంది ఆమె. "ఒరేయ్, బయట పెట్టెలు లోపల పెట్టండ్రా, వాన పడేలా ఉంది."

లోడింగ్ వాళ్లు పగలబడి నవ్వారు.

"గురువారం గురువారం పన్నెండు పెట్టెలు..." అతను ఆమె టేబుల్ దగ్గరికి జరిగాడు. "ఎవరికి పంపుతున్నారండీ?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "మీకు తెలీదా?"

"తెలిస్తే అడుగుతానా? మధ్యాహ్నంలోగా దొంగ పేరు ఇవ్వాలి. మీ పేరు నేను రాయలేను. ఏదైనా ఇబ్బందిలో ఉంటే చెప్పండి, నా పేరే రాసేస్తాను."

"రాసేయండి మరి. దొంగ మీరేగా!"

"నేనా?" అన్నాడు అతను.

"మీ ప్లాన్‌లో లేనిది నేనెప్పుడైనా పంపానా?" ఆమె డ్రాయర్ లాగి చలానాల కట్ట అతని ముందు పెట్టింది.

పదమూడు. అన్నిటి మీదా అతని లాగిన్. ప్లాన్‌లో చేర్చిన తేదీ చూడగానే గుర్తొచ్చింది. అందరూ భోజనాలకి వెళ్లిన ఒక మధ్యాహ్నం, ఊరికే, తన కోసం తను ఒక 'ఒకవేళ' కట్టుకున్న రోజు. ఆ ఒక్క రోజే కాపీ తీయడం మరిచిపోయి, అసలు ప్లాన్‌లోనే కట్టేశాడు.

సరుకు దించవలసిన చోటు, ఆమె ఇంటి కింద అద్దెకి ఖాళీగా ఉన్న గది.

"ఒక్క పెట్టె కూడా విప్పలేదు. కరగకుండా రోజంతా ఫ్యాన్ కూడా తిప్పుతున్నాను," అంది ఆమె గొంతు తగ్గించి. "వాపసు చలానా రాసి ఉంచాను, ఇవాళే లారీ ఎక్కిస్తాను. మేనేజరు గారికి నేను సర్దిచెబుతాను. ఇదేదో నోటితో చెబుతారేమోనని పదమూడు వారాలు ఎదురుచూశానండీ."

అతను దుకాణం పేరున్న గడి మీద వేలు పెట్టి, పదేళ్లలో మొదటిసారి ఏమీ ఆలోచించకుండా, గోడౌనంతా వినబడేలా పైకి చదివాడు:

"ఒకవేళ అండ్ చలానా, భార్యాభర్తల చాక్లెట్ కొట్టు."