ఆఖరి మాట

ప్రసంగం అయిపోయేసరికి లైబ్రరీ కింది గదిలో ముగ్గురు కళ్ళు తుడుచుకుంటున్నారు.

జోలీన్‌కి కడుపు నిండిపోయింది.

శనివారం డులూత్ నగరంలో ప్రసంగాల పోటీ. రెండేళ్ళుగా గెలుపు గుమ్మం దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తోంది. ఈసారి కప్పు తెచ్చి తీరాలని పంతం పట్టింది.

పంతానికి తగ్గ కథ కూడా దొరికింది. ఆపదలో ఉన్నవాళ్ళ ఫోన్లు తీయడం ఆమె ఉద్యోగం. పోయిన చలికాలం మంచుతుఫానులో ఒక ముసలావిడ కారు రోడ్డు పక్క గోతిలో కూరుకుపోయింది. సాయం వెళ్ళేలోగా ప్రాణం పోయింది. అంతవరకూ ఫోన్‌లో ఆవిడకి తోడున్నది జోలీన్ ఒక్కతే.

"'నువ్వున్నావుగా తల్లీ, నాకేం భయం లేదు.' అదే ఆవిడ ఆఖరి మాట." ప్రసంగం అక్కడ ముగుస్తుంది.

ప్రసంగాలు నేర్చుకునే ఆ క్లబ్బుకి పెద్ద రస్ లేచాడు. "అదరగొట్టావమ్మా జోలీన్! కప్పు పెట్టుకోవడానికి ఇంట్లో చోటు చూసుకో."

"ముందు నీ కళ్ళు తుడుచుకో రస్, కాఫీలో పడుతున్నాయి."

కొత్తగా వచ్చినవాళ్ళ చేత చివర్లో రెండు ముక్కలు మాట్లాడించడం ఆ క్లబ్బు ఆనవాయితీ. ఆ రోజు వచ్చింది ఒక్కడే, వెనక కుర్చీలో కోటు కూడా విప్పకుండా కూర్చున్న ముసలాయన.

"మీరు చెప్పండి సార్" అన్నాడు రస్.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచాడు.

"బాగుందమ్మా. కాకపోతే, ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు నీ మనసు ఆవిడ దగ్గర లేదు. ఎవరు ఏడుస్తున్నారా అని మా మొహాలు చూస్తున్నావు."



ఎవరు తప్పు చూపించినా 'థాంక్స్' అని ఊరుకోవాలి. మొదటి రోజు నేర్పే పాఠం అది. కొత్తవాళ్ళకి నేర్పేది జోలీనే.

"మీరెప్పుడైనా పదిమంది ముందు నోరు విప్పారా సార్?" అంది.

"లేదమ్మా."

"అదే అనుకున్నా. టీవీ ముందు కూర్చుని హాకీ వాళ్ళకి ఆట నేర్పే మనిషి మా ఇంట్లోనూ ఉన్నాడు లెండి!"

అందరూ పగలబడి నవ్వారు.

ఆయన నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. "తప్పయితే మన్నించు తల్లీ. ఒక్కటి అడగనా? ఆవిడ నిజంగా అలాగే అందా?"

"అక్షరం పొల్లు పోకుండా!"

"ఇంకేం అనలేదా?"

"ఇంకేమీ అనలేదు."

 ఆయన "సరేనమ్మా" అని టోపీ పెట్టుకున్నాడు.

ఎవరు ఏం మాట్లాడినా చప్పట్లు కొట్టడం కూడా ఆనవాయితీయే. ఆయన తలుపు తీసుకుని వెళ్ళేదాకా అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు జోలీన్ క్లబ్బులో తీసిన తన ప్రసంగం వీడియో పెట్టుకుంది. మాట వినబడకుండా మొహం ఒక్కటే చూసుకోవడం పోటీకి ముందు అందరూ చేసే పనే.

ఆఖరి మాట దగ్గరికొచ్చింది. తెర మీది జోలీన్ కళ్ళు ఒక్కో కుర్చీనీ వెతుక్కుంటూ వెళ్ళాయి. ఎవరో రుమాలు తీయగానే ఆమె పెదవి చివర చిన్న నవ్వు కనబడింది.

చావు కబురు చెబుతూ నవ్వింది తను!

వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది. అంత పెద్దాయన్ని పట్టుకుని పదిమందిలో ఎంతమాట అంది!

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. అది వీడియోలో కనబడదు. 'నువ్వున్నావుగా తల్లీ' అని ఆ ముసలావిడ అననే లేదు. ఆ మాట జోలీన్ కల్పించింది. మొదటిసారి చెప్పినప్పుడు ఎవరో ఏడ్చారు, ఇక తీసేయబుద్ధి కాలేదు.

నిజానికి ఆవిడ జోలీన్‌ని పట్టించుకుంటే కదా! గొంతు సన్నబడిపోతున్నా ఒకటే గొడవ. "ఆర్విడ్‌కి తిండి ఎవరు పెడతారు? డబ్బా మూత తీసుకోవడం కూడా చేతకాదు. ఆకలేస్తే అలా గుమ్మం వంక చూస్తూ కూర్చోవడమే."

పెంపుడు పిల్లి అనుకుంది జోలీన్. పిల్లి గోల చెబితే కప్పు రాదని కత్తిరించి పారేసింది.

ఇక ఉండబట్టలేక రస్‌కి ఫోన్ చేసింది.

"శనివారం ఆ ఆఖరి మాట చెప్పను రస్. అది నేను అల్లింది. ఆవిడ ఏమందో అదే చెబుతాను."

"నీకేమైనా పిచ్చా? ఆ మాట తీసేస్తే ఇంకేం మిగులుతుంది? కప్పు చేజారిపోతుంది!"

"పోతే పోనీ. ముందు ఆ ముసలాయనకి క్షమాపణ చెప్పుకోవాలి. మళ్ళీ వస్తాడా?"

"ఇంకెక్కడి రాక! ఇల్లు అమ్మేశాడు. ఈ పొద్దున్నే ఊరొదిలి వెళ్ళిపోయాడు. నీ ప్రసంగం సంగతి ఊళ్ళో ఎవరో చెప్పారట, వెళ్ళేలోగా ఒక్కసారి వినాలని పట్టుబట్టి నాకు ఫోన్ చేశాడు."

"నా ప్రసంగమా? ఎందుకట?"

"చెప్పలేదు."

"ఆ నంబరు ఇవ్వు, నేనే మాట్లాడతాను."

"అది ఆ ఇంటి ఫోను. తీసేశారు. ఎక్కడికి వెళ్ళాడో ఎవరికీ తెలీదు."

"పేరైనా చెప్పాడా?"

"ఆఁ, చెప్పాడు" అన్నాడు రస్. "ఆర్విడ్."