శనాదివారాలు పనిచేయని దొంగ

స్క్రీన్ మీద ఎర్ర గీత వెలగగానే మందుల షాపు కౌంటర్ వెనకున్న స్మృతి మొహంలో నవ్వు ఆగిపోయింది.

"సారీ ఆంటీ. ఈ పెయిన్ టాబ్లెట్స్ నేను ఇవ్వలేను."

సుబ్బులు ఐస్ ప్యాక్‌ని బుగ్గకి మరింత అదుముకుంది. పన్ను పీకించుకుని గంటయింది. మత్తు దిగుతోంది, నొప్పి ఎక్కుతోంది. ఆవిడ తల తిప్పి అల్లుడి వైపు చూసింది. పెళ్ళయిన నాలుగేళ్ళకి మొదటిసారి అమెరికాలో తాముండే క్యారీ ఊరికి వచ్చిన అత్తగారు అలా చూస్తే ఏ అల్లుడైనా నిటారుగా నిలబడాల్సిందే. ఆఫీసులో పని పక్క సీటు గోపాల్‌కి అప్పజెప్పి పరిగెత్తుకొచ్చిన ఫణి కూడా నిలబడ్డాడు.

"అదేంటండీ? డెంటిస్టే కదా ప్రిస్క్రిప్షన్ పంపింది?"

"పంపారు. కానీ అలర్ట్ వచ్చింది. ఇలాంటి స్ట్రాంగ్ మెడిసిన్ ఎవరు ఏ షాపులో తీసుకున్నా మాకు వెంటనే తెలిసిపోతుంది. ఆంటీ పేరు మీద చాలా ఉన్నాయి."

ఫణి మొహం వెలిగిపోయింది.

"చూశారా అత్తయ్యగారూ! నేను చెప్పానే, మా కంపెనీ సాఫ్ట్‌వేర్, అది ఇదే! మాత్రల కోసం పదిమంది డాక్టర్ల చుట్టూ తిరిగే దొంగల్ని ఇట్టే పట్టేస్తుంది. పడుతుందో లేదో చూడటమే నా ఉద్యోగం."

"పట్టింది, సంతోషం. ఇప్పుడు ఆ దొంగని నేనా?"

వెలిగిన మొహం టప్పున ఆరిపోయింది.

"నా పేరు మీద ఏముందో చదవమ్మా," అంది సుబ్బులు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు అది. స్మృతి అమెరికాలోనే పుట్టి పెరిగినా ఆ గొంతుకి ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది.

"వన్ థర్టీ టూ ప్రిస్క్రిప్షన్స్ ఆంటీ. ఫస్ట్‌ది నాలుగేళ్ళ క్రితం, ఆగస్టు ట్వెల్త్. డాక్టర్లు ముగ్గురు. అవినాష్, ఆరవ్, గోపాల్."

"అందరూ మనవాళ్ళే!" సుబ్బులు నిట్టూర్చింది. "ఇంత చదువూ చదివి చేసేది ఇదా!"

"పేరు ఒక్కటే కలిసిందేమో," అన్నాడు ఫణి.

"డేట్ ఆఫ్ బర్త్ కూడా సేమ్ అండీ. ఆగస్టు లెవెన్త్, నైన్టీన్ సిక్స్టీ త్రీ."

"పోయిన శనివారమే మా కొత్త వెర్షన్ షాపులన్నిటికీ వెళ్ళింది... అందులో ఏదైనా తేడా..." అని ఫణి తనలో తను గొణుక్కున్నాడు.

"ఇంకోటి ఫన్నీగా ఉంది." స్మృతి స్క్రీన్‌కి దగ్గరగా వంగింది. "అన్నీ మండే టు ఫ్రైడేనే. వీకెండ్‌లో ఒక్కటి కూడా లేదు. థాంక్స్‌గివింగ్‌కి లేదు. క్రిస్మస్ వీక్‌లో అసలు లేదు."

"దొంగకి సెలవులు కూడానా! మా స్కూల్లో హెడ్మాస్టరు కూడా ఇంత ఠంచనుగా తీసుకునేవాడు కాదు."

సుబ్బులు హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పాస్‌పోర్ట్ బయటికి తీసింది. ఈ దేశంలో దిగినప్పటి నుంచి పాల డబ్బా కోసం వెళ్ళినా అది ఆవిడ వెంటే ఉంటోంది.

"ఈ ముద్ర చూడమ్మా. పోయిన మంగళవారం దిగాను. అంతకు ముందు ఈ దేశం ఎలా ఉంటుందో ఎరగను. నూట ముప్పై రెండుసార్లు విమానమెక్కి వచ్చి మాత్రలు కొనుక్కెళ్ళానంటావా?"

స్మృతికి నవ్వొచ్చింది. ముద్ర చూసింది, డెంటిస్ట్‌కి ఫోన్ చేసింది, అయిదు నిమిషాలు మాట్లాడి ఏదో రాసుకుంది. తర్వాత ఆరు మాత్రలు లెక్కపెట్టి చిన్న సీసాలో పోసి ఇచ్చింది.

"మీరు కాదని నాకు ష్యూర్ ఆంటీ. ఎవరో మీ పేరు వాడుతున్నారు. నేను రిపోర్ట్ పంపిస్తాను. ఎవరు ఎంటర్ చేశారో కంపెనీవాళ్ళు ఈజీగా కనుక్కుంటారు."

"ఈజీగానా?" అన్నాడు ఫణి.

"వన్ డే కూడా పట్టదు."

"మీకెందుకండీ శ్రమ? మా కంపెనీయే కదా. నాకు వదిలేయండి, నేను చూసుకుంటాను."

"అవునమ్మా, మా అల్లుడు చూసుకుంటాడు," అంది సుబ్బులు గర్వంగా. నాలుగేళ్ళలో ఆవిడ నోట తన గురించి మంచిమాట అతను వినడం అదే మొదలు. ఇంకో రోజైతే ఫణి ఆ ఆనందంలో స్వీట్లు పంచేవాడు.

"థాంక్స్ అండీ, కానీ రూల్ రూలే," అంటూ స్మృతి మౌస్ నొక్కింది. "పంపించేశాను!"

కార్లో కూర్చోగానే సుబ్బులు ఒక మాత్ర వేసుకుని, సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆవిడ గొంతు మెత్తబడింది.

"మిమ్మల్ని చాలా మాటలన్నాను బాబూ. పెళ్ళయిన కొత్తలో నా పుట్టినరోజు మర్చిపోయారని, మర్నాడే ఫోన్ చేసి చెడామడా తిట్టాను. గుర్తుందా?"

"అయ్యో, పర్లేదు అత్తయ్యగారూ. ఎప్పటి సంగతో."

"పర్లేదంటే ఎలా? ఆ తర్వాత మా త్రివేణి అయినా మర్చిపోయింది గానీ, మీరు ఒక్క ఏడు కూడా మర్చిపోలేదు. కన్నకూతురికి లేని జ్ఞాపకం అల్లుడికి ఉందని మా వీధిలో అందరికీ చెప్పుకున్నాను. నా పుట్టినరోజు అంత బాగా ఎలా గుర్తుపెట్టుకున్నారు బాబూ?"

ఫణి తాళం తిప్పడం మర్చిపోయి స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆఫీసులో టెస్టింగ్‌కి దొంగ పేషెంట్ కావలసినప్పుడల్లా నాలుగేళ్ళుగా అతను టైపు చేస్తున్న పేరూ, తేదీ అవే.