గుర్తులా, మాటలా?

"అడ్డగీత, ఆశ్చర్యార్థకం, క్యూ, మూడు! ఇవి సెట్టింగులా, చేతబడి మంత్రాలా?" అంటూ వెనింగ్ కుర్చీ లాక్కొచ్చి గిలాంగ్ పక్కన కూలబడింది. చేతిలో వేడివేడి అరటిపండు బజ్జీల పొట్లం.

"శబ్దం ఉండాలి, పాత ఫోన్లలో కూడా నడవాలి అని వాటి అర్థం. నిన్న చెప్పానుగా?" అన్నాడు గిలాంగ్.

"మొన్న కూడా చెప్పావు. బుర్రకెక్కితేగా మహానుభావా!"

బండుంగ్‌లోని ఆ చిన్న ఆఫీసులో ఫోన్ ఆటలు తయారు చేస్తారు. ఆట బయటికి వెళ్లేముందు ఏది ఉండాలో, ఏది వద్దో కంప్యూటరుకి ఒక ఫైల్లో రాసివ్వాలి. ఆ పద్ధతి గిలాంగ్ పెట్టిందే, అంతా గుర్తులమయం. పోయినవారం వెనింగ్ ఒక్క గుర్తు తప్పు పెట్టేసరికి ఆట మూగదైపోయింది. పాపం, ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"'శబ్దం: ఉండాలి. ప్రకటనలు: వద్దు.' ఇలా రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"నాలుగు గుర్తులతో పోయేదానికి అంత రామాయణమా?"

బింకంగా అన్నాడే కానీ గిలాంగ్ బాధ వేరు. అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసేస్తే ఇక వెనింగ్ కుర్చీ ఇటు రాదు.

పొట్లంలో ఆఖరి బజ్జీ మిగిలింది. రోజూలాగే దానికోసం వేళ్ల పందెం వేశారు. బొటనవేలు ఏనుగు, చూపుడువేలు మనిషి, చిటికెనవేలు చీమ. ఏనుగు మనిషిని తొక్కేస్తుంది, మనిషి చీమని నలిపేస్తాడు, చీమ ఏనుగు చెవిలో దూరి చంపేస్తుంది. గిలాంగ్ ఎప్పుడూ ఏనుగే. వెనింగ్ ఎప్పుడూ చీమే. అందుకే బజ్జీ ఎప్పుడూ ఆమెదే.

"ఏనుగు తప్ప ఇంకోటి రాదా నీకు?" నవ్వుతూ బజ్జీ కొరికింది.

మేనేజరు నెన్‌దెన్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీ గోలతో చస్తున్నాం. ఇవాళ తేలిపోవాలి. అదే పందెం మళ్లీ వేయండి. వెనింగ్ గెలిస్తే మాటలు. గిలాంగ్ గెలిస్తే గుర్తులే. అప్పుడు వెనింగ్ నోరు మూసుకుని రోజూ ఇతని పక్కన కూర్చుని నేర్చుకోవాలి."

"అయితే మాటలే అక్కా! పాపం గిలాంగ్!" ఆఫీసంతా గొల్లున నవ్వింది.

గిలాంగ్ తన వేళ్ల వంక చూసుకున్నాడు. చూపుడువేలు చాపితే చాలు, చీమ చిత్తు, కుర్చీ ఎక్కడికీ పోదు. కానీ ఆ రోజటి ఆమె కన్నీళ్లు గుర్తొచ్చాయి. పోనీలే, పిల్ల సుఖపడనీ అనుకున్నాడు.

"ఒకటి, రెండు, మూడు!"

గిలాంగ్ బొటనవేలే ఎత్తాడు.

వెనింగ్ చూపుడువేలు చాపింది.