పన్నెండడుగుల అచ్చమ్మ

“ఇవాళ ఏ వారమమ్మా?”

అచ్చమ్మ ఆ మాట అడగడం పొద్దున్నించి అది నాలుగోసారి.

“గురువారం మామ్మగారూ,” అంది స్టెల్లా నిచ్చెన మీంచి, ఓపిగ్గానే.

“అయితే జేసీబీ రేపేగా?”

“రేపు పదింటికండీ. మేం రానిస్తామేంటి? మీరు కంగారు పడకండి.”

అచ్చమ్మ కంగారు మానలేదు. లోపలికెళ్లి, గిన్నెలూ దుప్పట్లూ కట్టి పెట్టుకున్న మూటని మరోసారి బిగించింది. మళ్లీ బయటికొచ్చి రోడ్డు వైపు చూసింది. వారం రోజులుగా ఆ డెబ్బై ఏళ్ల మనిషికి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఏలూరు వన్‌టౌన్‌లో, కాలవ పక్కనున్న ఆ తివాచీల గోదాముకి నూటపాతికేళ్లు. తివాచీలు పోయాక లోపల గదులు చేసి అద్దెకిచ్చారు. అద్దెకొచ్చిన కాపురాలూ ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. చివరికి అచ్చమ్మ, మంచం పట్టిన ఆమె భర్త జ్ఞానయ్య మిగిలారు. కిందటి నెల మునిసిపల్ ఆఫీసు వాళ్లొచ్చి, శిథిల భవనం, కూల్చేస్తాం అని గోడకి నోటీసు అంటించారు.

నోటీసు వెనక జిగురు ఆరకముందే ‘పెచ్చు’ బృందం దిగింది. స్టెల్లా డ్రాయింగ్ టీచరు. హేమంత్‌కుమార్ ఫొటోలు తీస్తాడు. ఇంకో పదిమంది కుర్రకారు. ఊళ్లో ఏ పాత కట్టడానికి ముప్పొచ్చినా రంగు డబ్బాలతో వాలిపోతారు. కాలవలో చెత్త పారబోసే పెద్దమనుషుల ప్రహరీల మీద అదే చెత్త బొమ్మ గీసి, ఊరంతటి చేతా చీవాట్లు పెట్టించిన ఘనత కూడా వాళ్లదే. మంచి పిల్లలు. అందులో అనుమానం లేదు.

వాళ్లకో పద్ధతుంది. గోడ మీద కుంచె పెట్టేముందు, ఆ గోడల మధ్య బతికిన మనిషిని కూర్చోబెట్టి కథంతా చెప్పించుకుంటారు. అచ్చమ్మనీ అడిగారు. పుట్టిందెక్కడ, పెళ్లి ఏ చర్చిలో, పిల్లలెందరు, తివాచీ నేసేటప్పుడు ఏం పాడుకునేవారు. గుండుగొలనులో పుట్టిన దగ్గర్నుంచి అడిగినవన్నీ చెప్పింది. పాట కూడా పాడింది. మూడు గంటలు రికార్డు చేశారు.

“అందరూ వెళ్లిపోయినా మీరు మాత్రం ఇక్కడే ఎందుకున్నారు మామ్మగారూ?”

“ఎక్కడికెళ్తామండీ? మాకింకో చోటు లేదండీ.”

స్టెల్లా కళ్లు తుడుచుకుంది. ఆ మాటే గోడ మీద పెద్దక్షరాలతో రాసింది. పక్కనే, పన్నెండడుగుల ఎత్తున అచ్చమ్మ ముఖం గీసింది. ముడతలతో సహా అచ్చం ఆవిడే.

హేమంత్‌కుమార్‌కి లోపలి దూలాలంటే ప్రాణం. “బర్మా టేకండీ తాతగారూ! ఇప్పుడు కావాలన్నా దొరకదు,” అన్నాడు జ్ఞానయ్యతో. జ్ఞానయ్య మంచం మీంచి రెప్ప వెయ్యకుండా పైకే చూస్తున్నాడు.

“చూశారా, ఈ ఇల్లంటే ఆయనకెంత ప్రేమో!” అని ఫొటో తీశాడు హేమంత్‌కుమార్.

ఆ ఫొటో, గోడ మీది బొమ్మ జిల్లా అంతా ఫోన్లలో తిరిగాయి. తాడేపల్లిగూడెం నుంచి కాలేజీ పిల్లలు వ్యాను కట్టించుకుని వచ్చారు. పెదపాడు నుంచి డప్పులవాళ్లొచ్చారు. అందరూ అచ్చమ్మని మధ్యలో పెట్టి సెల్ఫీలు దిగారు. నవ్వమంటే ఆవిడకి నవ్వు రాలేదు.

గురువారం సాయంత్రం అచ్చమ్మ ఉండబట్టలేక స్టెల్లా చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, నాదో మాటండీ. రేపు ఆ జేసీబీ గానీ...”

“రాదు మామ్మగారూ. నా మాట నమ్మండి!”

స్టెల్లా ఆవిణ్ణి గట్టిగా కావలించుకుంది. జ్ఞానయ్య కోసం తెచ్చిన ఏపిల్ పళ్లు చేతిలో పెట్టింది. అంత ప్రేమగా చూసే పిల్లతో ఇంకేం మాట్లాడుతుంది? అచ్చమ్మ లోపలికెళ్లి మోకాళ్లూనింది.

“ప్రభువా, రేపొక్కరోజు నా చెయ్యి వదలకు తండ్రీ,” అని ప్రార్థన చేసుకుంది.

శుక్రవారం తొమ్మిదికే జనం చేయీ చేయీ పట్టుకుని గోడ ముందు నిలబడ్డారు. పదైంది. జేసీబీ రాలేదు. అచ్చమ్మ రోడ్డు దాకా వెళ్లొచ్చింది. కాసేపాగి మళ్లీ వెళ్లింది. పదిన్నరకి మోటారు సైకిలొకటి వచ్చి ఆగింది. చంకలో ఫైలుతో దిగినాయన పేరు ప్రసాదరావు, ఆఫీసులో గుమాస్తా.

“కూల్చడం లేదండీ,” అన్నాడు ఫైలు తెరుస్తూ. “ఇది వారసత్వ కట్టడమని పైనుంచి ఉత్తర్వొచ్చింది. ఇహ ఇందులో ఒక్క ఇటుక కదపడానికీ, ఒక్క మేకు కొట్టడానికీ వీల్లేదండీ.”

డప్పులు మోగాయి. స్టెల్లా నిచ్చెనెక్కి ఈల వేసింది. హేమంత్‌కుమార్ లోపలికి పరిగెత్తి, మూట విప్పేసి, గిన్నెలన్నీ మళ్లీ గూట్లో సర్దేశాడు. అచ్చమ్మ తన బొమ్మ కిందే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఏడవనివ్వండి. ఆనందం పట్టలేకపోతున్నారు,” అంది స్టెల్లా, తనూ ఏడుస్తూ.

ప్రసాదరావు ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత ఫైల్లోంచి రెండో కాగితం తీశాడు.

“అర్జీదారుకి కూడా ఓ కాపీ ఇవ్వాలండీ,” అన్నాడు చుట్టూ చూస్తూ, “దూలం విరిగి నా భర్త నడుం మీద పడింది, ఈ కొంప కూలగొట్టి మాకు వేరే గది చూపించండి మహాప్రభో అని ఏడాదిగా అర్జీలు పెట్టుకుంటున్న అచ్చమ్మగారంటే ఎవరండీ?”